అమ్మకి నేర్పిన రూపీస్

నాన్న దగ్గర ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. కోఠీ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నది. అట్ట ఊడిపోతే చార్టు పేపరు అతికించి, దాని మీద స్కెచ్ పెన్నుతో 'డిక్షనరీ' అని రాసుకున్నారు. అంత లావు పుస్తకాన్ని ఇంకేదో అనుకునే అవకాశం ఎవరికుందో నాకు ఇప్పటికీ తెలీదు. మా ఇంట్లో చిన్నప్పుడు నాకెవరూ కథలు చెప్పలేదు. భోజనాలయ్యాక నాన్న ఆ పుస్తకంలోంచి ఒక మాట తీసి, దాని పుట్టుపూర్వోత్తరాలు చదివి వినిపించేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఆయన కామర్స్ చెప్పేవారు. పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి.

ఆ సాయంత్రం ఆయన తీసిన మాట రూపీ.

రూపాయికి కొత్త గుర్తు వచ్చిన తర్వాతి రోజులవి. నాన్న దాన్ని న్యూస్ పేపరు అంచుల మీద వేసి వేసి చేతికి అలవాటు చేసుకుంటున్నారు. "భారతదేశం, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంక, మారిషస్. ఇన్ని దేశాల డబ్బుకి ఇదే పేరు," అని చదివారు. "సంస్కృతంలో రూప్యం. ముద్ర కొట్టిన వెండి అని. మన మాటే ఇంగ్లీషులోకి పోయి, సూటూ బూటూ వేసుకుని తిరిగొచ్చింది. చెక్కు మీద రాస్తే అంకె ముందు వస్తుంది, నోటితో చెబితే అంకె వెనక వస్తుంది." అంతవరకూ మామూలు పాఠమే. తర్వాత పుస్తకం మూసి, కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించారు. "ఇన్ని దేశాల వాళ్ళు అనే మాట ఇది. దీన్ని నోట్లోంచి వదిలితే మనది ఏ జిల్లానో ఎవడూ కనిపెట్టలేడు."

ఆయన మాకు పాఠం చెప్పడం లేదు, దాక్కునే చోటు చూపిస్తున్నారు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. మాది కోస్తా. నేను ఆరో తరగతిలో ఉండగా నాన్న ఉద్యోగం కోసం వచ్చి కొత్తపేటలో ఒక ఇంటి పై వాటాలో దిగాం. తొమ్మిదేళ్ళుగా అదే ఇల్లు. ఇక్కడి వాళ్ళు "ఇర్వై రూపాలు" అంటారు, మేం "ఇరవై రూపాయలండీ" అంటాం. కొట్టు దగ్గర ఆ ఒక్క ముక్క చాలు, మనమెవరమో తెలిసిపోవడానికి. అన్నేళ్ళూ తెలిసిపోతే పోయిందిలే అన్నట్టు బతికాం. ఇప్పుడు అలా లేదు. రోడ్డు చివర మెస్సు వాళ్ళు బోర్డు మీద మా వైపు ఊరి పేరున్న చోట కాగితం అంటించారు. పొద్దున లేస్తే బంద్, సాయంత్రమైతే ర్యాలీ, టీవీ పెడితే అద్దాలు పగిలిన బస్సు. ఊళ్ళోంచి బంధువులు ఫోన్ చేసి, మేమింకా బతికే ఉన్నామా అన్నట్టు పలకరించేవాళ్ళు.

మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఏమీ అనకపోవడం వల్లే, అనబోయేది ఎంత పెద్దదో అని నాకు ఇంకా భయమేసేది. కాలేజీలో నా పక్క సీటు అమ్మాయి నల్గొండ పిల్ల. "మేము అడిగేది మా రాష్ట్రమే, మీ పానం కాదు," అని నవ్వుతూ అనేది. బుర్రకి ఎక్కేది. బస్సు ఎక్కగానే మాత్రం చేతులు చల్లబడిపోయేవి. అమ్మ ఫోన్ చేస్తే కట్ చేసేదాన్ని. కండక్టరు ముందు నా భాష మొత్తం "దిల్‌సుఖ్‌నగర్, వన్" అనే రెండు ముక్కలకి కుదించుకున్నాను. నాన్నదీ అదే పద్ధతి. మిగిలింది అమ్మ ఒక్కతే.

అమ్మకి ఇంగ్లీషు రాదు. అంతకంటే పెద్ద చిక్కు, నోరు ఊరుకోదు. బయటికి వెళ్తే ఎవరో ఒకరి పుట్టింటి సంగతులు కనుక్కుని గానీ ఇంటికి రాదు. అందుకని నాన్న రోజూ సాయంత్రం ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి తాను కూరగాయలమ్మే మనిషి వేషం కట్టేవారు.

"హౌ మచ్, అను."

"హౌ మచ్."

"ట్వంటీ రూపీస్. ఓకే, అను."

"ట్వంటీ రూపీసులు. ఓకే."

"చివర లు పెట్టకే."

"లు లేకపోతే ఒక్క రూపాయే ఇచ్చినట్టుంటుందండీ."

నేను నవ్వబోయి నాన్న మొహం చూసి మానేశాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అమ్మ అడిగిన అసలు ప్రశ్న తర్వాత వచ్చింది. "మరి బేరం ఎలా ఆడాలండీ ఇంగ్లీషులో?"

"ఆడొద్దు. ఎంతంటే అంత ఇచ్చేసి వచ్చెయ్."

మా అమ్మకి బేరం ఆడొద్దనడమంటే ఊపిరి పీల్చొద్దనడమే. అయినా తలూపింది. ఆమె అంత తేలిగ్గా తలూపడం చూసి, ఆమె కూడా నాలాగే హడలిపోయి ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం కొత్తపేట రైతుబజారుకి అమ్మతో నేనూ వెళ్ళాను. బెండకాయలమ్మే మనిషి దగ్గర ఆగాం. అమ్మ ఏళ్ళ తరబడి ఆమె దగ్గరే కొంటోంది. ఆమె కోడలి కాన్పు, అల్లుడి తాగుడు, అన్నీ మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఊరి పేరూ మా మేనమామ ఆపరేషనూ ఆమెకి తెలుసు. ఎవరి దగ్గర దాక్కుంటున్నామో మేం ముగ్గురం ఒక్కసారీ ఆలోచించలేదు. భయం మనిషిని అంత మొద్దుని చేస్తుంది.

"హౌ మచ్?" అంది అమ్మ.

ఆమె చేతిలో తక్కెడ ఆగిపోయింది. "ఏందమ్మా?"

"హౌ మచ్?" అమ్మ గొంతు ఇంకా సన్నబడింది.

"ఇర్వై రూపాలు."

"ట్వంటీ రూపీస్. ఓకే." నోటు చాపింది. బేరం లేదు, ఏరుకోవడం లేదు, ముదురు కాయ విరిచి చూడటం లేదు.

ఆమె తక్కెడ పక్కన పెట్టి లేచి నిలబడింది. అమ్మ గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. "అయ్యో, నోరు వడిపోయిందా అమ్మా? మూతి వంకర వోయిందా? బిడ్డా, జల్ది దవాఖానకు తీస్కపో. మా మామకు గూడ గిట్లనే అయింది. ఒక్క దినం ఆగినందుకు మంచం మీద వడ్డడు."

పక్క అరుగుల వాళ్ళందరూ లేచారు. ఎవరూ మమ్మల్ని గుర్తించకూడదని వెళ్ళినవాళ్ళ చుట్టూ బజారు సగం మూగింది. నేను "నో, నో, షీ ఈజ్ ఫైన్," అన్నాను. ఆ తెలివి తల్చుకుంటే ఇప్పటికీ తల కొట్టుకోవాలనిపిస్తుంది. అమ్మ చెయ్యి పట్టి లాక్కుని, బెండకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాం.

ఆ తర్వాత అమ్మ ఇంట్లో కూడా మాట తగ్గించింది. కింది వాటాలో ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు. పోచంపల్లి దగ్గర మగ్గాల పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్న కుటుంబం. ఇంటావిడా అమ్మా రోజూ మధ్యాహ్నం మెట్ల మీద కూర్చునేవారు. ఆవిడ అమ్మని అక్కా అనేది, అమ్మ ఆవిడని వదినగారూ అనేది. వరస కలవకపోయినా ఇద్దరికీ పట్టింపు లేదు. ఇప్పుడు అమ్మ మెట్లు దిగడం మానేసింది. ఆవిడ కింది నుంచి "అక్కా, ఏం జేస్తున్నవ్?" అని పిలిస్తే, అమ్మ తలుపు వెనక నిలబడి నా వైపు చూసేది. నేను నాన్న వైపు చూసేదాన్ని. నాన్న వేలు పెదాల మీద పెట్టుకునేవారు. కాసేపటికి కింద మెట్టు మీంచి ఆవిడ లేచి లోపలికి వెళ్ళే చప్పుడు వినిపించేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున అమ్మ మోకాలి నొప్పికి ఎల్బీనగర్ డాక్టరు దగ్గరికి బస్సెక్కి వెళ్ళింది. ఆ రోజు బంద్ లేదు. అందుకే ఒక్కదాన్నే పంపాం. ఆమె వెళ్ళిన కాసేపటికే టీవీలో వచ్చింది, రోడ్ల మీద వంటావార్పు అని. జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని ప్రత్యేక రాష్ట్రం అడగడం. బస్సులూ ఆటోలూ ఆగిపోయాయి. చూపించిన చోట్లలో ఎల్బీనగర్ రింగురోడ్డు కూడా ఉంది. విజయవాడ బస్సులన్నీ వెళ్ళే దారి అది. నేను అమ్మకి ఫోన్ చేశాను. వంటింట్లో చార్జింగ్‌కి పెట్టిన ఫోను మోగింది.

నాకు భయం పట్టుకుంది. అమ్మ దారి తప్పుతుందని కాదు. ఆమె నోరు తెరుస్తుందని. ఎవరినో ఒకరిని "బస్సు ఎప్పుడొస్తుందండీ?" అని అడుగుతుంది. అంతే, ఆ తర్వాతి బొమ్మ నా తలలో రకరకాలుగా తిరిగింది. నాన్న చెప్పులు వేసుకున్నారు, విప్పారు, మళ్ళీ వేసుకున్నారు. గేటు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. ఎవరిని అడగాలి, ఏ భాషలో అడగాలి అన్నది ఆయనకి తెలీలేదు.

ఇంటావిడ బయటికొచ్చింది. "ఏమైంది సార్, గట్ల నిలవడ్డరు?"

నాన్న ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు. నేనే చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి చెప్పులు వేసుకుని, కొంగు బొడ్లో దోపుకుని వచ్చింది. "బిడ్డను నాతోని పంపుండ్రి. మీరు ఇంటికాడ్నే ఉండుండ్రి సార్. అక్క వేరే తొవ్వల వస్తే ఇంట్ల ఎవలన్న ఉండాలె గద."

మేం నడిచాం. షాపుల షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. వెనక నుంచి డప్పులు కొట్టుకుంటూ ఒక గుంపు వచ్చి మమ్మల్ని కలుపుకుని ముందుకు సాగింది. నినాదాలు చెవుల్లో కాదు, పొట్టలో మోగుతున్నాయి. ఒకబ్బాయి నీళ్ళ ప్యాకెట్ ఇచ్చి, "తాగక్కా, ఎండ మస్తున్నది," అన్నాడు. తీసుకున్నాను, నోరు విప్పలేదు. ఇంటావిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాయిన చెప్పేటిది నాకు కిందికి ఇనబడ్తది బిడ్డా," అంది కాసేపటికి. "రోజు పొద్దుమూకి. ట్వంటీ రూపీస్, థర్టీ రూపీస్. మొదాలు ట్యూషన్ అనుకున్న. అటెన్క సమజైంది."

తెలిసి కూడా ఈవిడ మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని పిలుస్తూనే ఉంది.

ఎల్బీనగర్ కూడలిలో రోడ్డు రోడ్డులా లేదు. రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు, పొగ, విస్తరాకుల కట్టలు, వరసగా కూర్చున్న ఆడవాళ్ళు. దూరంగా పోలీసు వ్యాన్లు. ఆ పొగలో అమ్మ పచ్చ చీర కోసం వెతికాను. ఒక్కో గుంపు దాటుతున్న కొద్దీ కనిపించదేమోనని ఒక భయం, కనిపిస్తే ఎలా ఉంటుందోనని ఇంకో భయం.

అమ్మ ఒక పొయ్యి పక్కన చాప మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

గరిటె పట్టుకున్న మనిషి మమ్మల్ని చూసింది. బొద్దుగా, అమ్మ ఈడుదే. "మీ మనిషేనా? పాపం మాటలు రావు గావొచ్చు. పొద్దుగాల డివైడర్ మీద ఒక్కతే కూసుండి ఏడుస్తుండె. ఎవల తాలూకు అని అడిగితే చెప్పదు, సైగ జేస్తే తలకాయ ఊపుతది. కాలు నొస్తున్నదని చెయ్యితోని చూపెట్టింది. నేనే నూనె రాసి కూసోవెట్టిన. ఖాళీగ కూసోక గీ ఉల్లిగడ్డలు ముందటేసుకున్నది."

పొద్దుట్నుంచి అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మా అమ్మ. నాన్న చెప్పిన దానికంటే గట్టిగా దాక్కుంది.

అమ్మ తలెత్తి ఇంటావిడని చూసింది. కత్తి చేతిలోంచి జారిపోయింది. "వచ్చారా వదినగారూ! ఎంత భయమేసిందోనండీ! బస్సుల్లేవు, ఆటోల్లేవు, మోకాలు చూస్తే ఇలా ఉంది, ఫోనేమో ఇంట్లో పెట్టేసి వచ్చానాయె..." అని భోరుమంది. కట్టిపెట్టిన మాటలన్నీ అచ్చం మా ఊరి యాసలో, పది పొయ్యిలకి వినిపించేలా వచ్చేశాయి.

చుట్టూ మాటలు ఆగిపోయాయి. అందరి తలలూ ఇటు తిరిగాయి. అయిపోయింది అనుకున్నాను. నిజంగానే కళ్ళు మూసుకున్నాను.

"మాటలొస్తయా నీకు?" గరిటె పట్టుకున్న ఆమె గొంతు. "మరి గంతసేపు నోరెందుకు ఇప్పలే?"

"భయమేసిందమ్మా."

"ఎవలను జూసి?"

అమ్మ చూపు చుట్టూ ఉన్న ఆడవాళ్ళ మీదికి వెళ్ళింది. గరిటె పట్టుకున్న ఆమె కూడా అటు చూసింది. "మమ్ముల జూసా?"

నేను కళ్ళు తెరిచాను. ఆమె మొహంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. అమ్మ తల దించుకుని, ఏం చెయ్యాలో తోచక, పర్సు తెరిచి ఒక నోటు తీసి ఆమెకి చాపింది. "ట్వంటీ రూపీస్," అంది.

"అన్నం పెడితే పైసలిస్తవా?" ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

ఇంటావిడ ఆ నోటు తీసుకుని మళ్ళీ అమ్మ పర్సులో కుక్కింది. "ఏమనుకోకమ్మా. మా అక్కకు గదొక్కటే ఇంగ్లీషు ముక్క వస్తది. పరేషాన్ల ఉన్నది," అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. బిగుసుకున్నదేదో కొంచెం సడలింది. గరిటె పట్టుకున్న ఆమె నవ్వలేదు. విస్తరి తీసి అన్నం పెట్టి నా ముందుకి తోసింది. "నువ్వు గూడ మాట్లాడవా బిడ్డా?"

విస్తరి దగ్గరికి లాక్కున్నాను. "ఆకలిగా ఉందండీ," అన్నాను.

"ఆకలైతె తినాలె," అంది ఆమె, పప్పు వేస్తూ.

సాయంత్రం నెమ్మదిగా బయల్దేరాం. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి ఇంటావిడ భుజం మీద వేసింది. కొంత దూరం వచ్చాక ఇంటావిడ తనంతట తనే చెప్పింది.

"గా రూపీస్ నాకెప్పటి నుంచో ఎర్క అక్కా. కొత్తగ దుకాణం పెట్టినప్పుడు మీ దిక్కు గిరాకి వస్తుండె. చీర ఎంతంటే, మూడు నూర్ల యాభై రూపాలని చెప్తుంటి. వచ్చినామె పక్కామెను జూసి నవ్వేది. కొనేది మంచిగనే కొంటరు, గాని నవ్వుతరు. ఇగ నేను గిరాకి ముంగట ఇంగ్లీషే. త్రీ ఫిఫ్టీ రూపీస్. ఇప్పటిదాంక గట్లనే చెప్తున్న."

అమ్మ నడక ఆపింది. "అంత వేళాకోళం ఎవరు చేశారండీ వదినగారూ?" అంది కోపంగా. ఆవిడ అమ్మ మొహంలోకి చూసింది. అమ్మకి ఏదో తట్టింది. ఈసారి మెల్లగా అడిగింది. "నేనెప్పుడైనా నవ్వానా?"

ఇంటావిడ వెంటనే కాదనలేదు. ఒక ఆటో దారిలో అడ్డంగా ఆగి ఉంటే మమ్మల్ని దాని పక్కనుంచి తిప్పింది. "నవ్వినవ్," అంది. "ఇల్లు చూడొచ్చిన దినం. కిరాయెంత అంటే చెప్పిన. మీ సారును జూసి నవ్వినవ్. గదంతా ఎన్నడో అయిపాయె, ఇడ్సిపెట్టక్కా."

అమ్మ ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. పొద్దున ఎల్బీనగర్‌లో పట్టిన మౌనానికీ దీనికీ చాలా తేడా ఉంది.

నాన్న గేటు దగ్గరే ఉన్నారు. గడియ మీద చెయ్యి కూడా తియ్యలేదేమో అనిపించింది. "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగారు, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో.

"ఎవరూ ఏమీ అనలేదండీ," అంది అమ్మ. "కాలికి నూనె రాశారు. అన్నం పెట్టారు."

ఆ రాత్రి డిక్షనరీ తియ్యలేదు. ఆ తర్వాత రూపీస్ పాఠం మళ్ళీ జరగలేదు. మరుసటి ఆదివారం అమ్మ రైతుబజారులో బెండకాయల దగ్గర ఆగి, "ఎంతమ్మా?" అంది. "అమ్మయ్య, నోరొచ్చిందా?" అని ఆ మనిషి గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ధర చెప్పింది. ఆమె "ఇర్వై రూపాలు" అంటున్నంతసేపూ అమ్మ తల వంచుకుని నేల వైపే చూసింది. చెప్పడం అయ్యాకే తలెత్తి బేరం మొదలుపెట్టింది.

అది అలవాటైపోయింది. రాష్ట్రం వచ్చింది, మెస్సు బోర్డు మీద కాగితం ఊడిపోయింది, నా చేతులు చల్లబడటం మానేశాయి. అమ్మ మాత్రం ఇప్పటికీ ఎవరైనా ధర చెబుతుంటే తల దించుకుంటుంది. ఇంకా భయమేనా అని ఈమధ్య అడిగాను.

"భయమే," అంది. "నాకు తెలీకుండా నా మొహం నవ్వేస్తుందేమోనని."